పత్తి ఏడ్చిందన్న కథ

పోయిన వారం ఎమ్మిగనూరులో పాత పరుపు విప్పించి మళ్లీ కుట్టించుకుందామని అంగడికి తీసుకుపోతే, కుట్లు తెగగానే లోపలి నుంచి తడిసి సరిగా ఆరని దూది వాసన గుప్పున వచ్చింది. నేను ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోవడం చూసి పరుపులు కుట్టే ఆయన, "మీది ఆదోనే కదక్కా, ఆ ఏడ్సిన పత్తి కథ మీకు తెల్సుండాల" అని మొదలుపెట్టాడు. సముద్రంలో మునిగి చచ్చిన ఒకాయన దెయ్యమై కూతురి వెంట ఆదోని దాకా వచ్చిందట, ఆ పిల్ల కూర్చున్న చోటల్లా మిల్లులో పత్తి కన్నీళ్లు పెట్టిందట, ఆ కన్నీళ్లు ఉప్పగా ఉండేవట, పిల్లను పంపించేశాక పత్తి దానంతటదే ఆరిపోయిందట. ఇది ఆయన సొంత కల్పన కాదు. ఆదోనిలో నా ఈడువాళ్లు ఎవరిని అడిగినా ఇదే చెబుతారు, చెప్పేటప్పుడు గొంతు తగ్గిస్తారు, చేతి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయని చూపిస్తారు కూడా. నాకు ఒళ్లు మండుతుంది. ఆ పత్తిని మొట్టమొదట నోట్లో పెట్టుకుని ఉప్పగా ఉందని చెప్పింది నేను. కాబట్టి ఈ కథను సరిచేసే హక్కు నాకే ఎక్కువ, సిగ్గు కూడా నాకే ఎక్కువ ఉండాలి.

మా నాయన ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లులో కాటా గుమాస్తా. వచ్చిన పత్తినీ పోయే బేళ్లనూ దగ్గరుండి తూకం వేయించడం ఆయన పని. దీపావళి పోయి చలి మొదలైందంటే చుట్టుపక్కల పల్లెల నుంచి ఎద్దుల బండ్లు, ట్రాక్టర్లు, లారీలు వరసకట్టి వచ్చేవి, దారి పొడుగునా తుమ్మకంపలు రాలిన పింజలను పట్టుకుని తెల్లగా పూసినట్టు నిలబడేవి, మా వీధిలో పసిపిల్లలతో సహా అందరి తలలూ ఆ మూడు నెలలూ నెరిసినట్టే కనబడేవి. పొద్దున ఉగ్గానిలో పింజలు, బజ్జీల పిండిలో పింజలు, జొన్నరొట్టెలోకి వేసుకున్న గురెళ్ల పొడిలో పింజలు. మా అవ్వ తినడం ఆపి నాలుక చివర నుంచి ఒక్కొక్క పోగే తీసి వెలుగుకు పెట్టి చూసేది. "అన్నం తింటాండామా, పరుపు తింటాండామా" అని మా అమ్మ మీద విరుచుకుపడేది, గాలిని కూడా మా అమ్మే తోలినట్టు.

ఆ అవ్వకు దెయ్యాల్లో తెలియని రకం లేదు. రైలు కింద పడినవాళ్లు ఏ గేటు దగ్గర తిరుగుతారో, బావిలో పడినవాళ్లు ఏ వారం పైకి వస్తారో, కాన్పులో పోయినవాళ్లకు ఏం తినాలనిపిస్తుందో, స్టేషను మాస్టరు బండ్ల టైములు చెప్పినంత నిబ్బరంగా చెప్పేది. సముద్రంలో పోయినవాళ్ల సంగతి ఒక్కటే ఆమెకు తెలియదు. మాకు సముద్రం ఎక్కడిది? నాలుగు రోజులకొకసారి కుళాయి వచ్చే ఊరు మాది.

ఆ లోటు తీర్చడానికే అన్నట్టు నేను ఏడో తరగతిలో ఉన్న ఏడు నా ఈడు పిల్ల నూకాలు తల్లితో వచ్చింది. కోస్తాలో చివరెక్కడో ఒడ్డున ఉన్న చిన్న ఊరు వాళ్లది. చేపల వేటకు పోయిన తండ్రి తిరిగి రాలేదు, శవమూ దొరకలేదు. మిల్లులో ఫిట్టరుగా ఉన్న ఒక దూరపు బంధువును పట్టుకుని తల్లి దూదిలో ఆకూ పుల్లా ఏరే పనికి కుదిరింది. మిల్లు వెనక రేకుల గదిలో ఉండేవాళ్లు. ఆ పని పోతే వాళ్లకు ఇంకొక చోటు లేదన్నది మాకు, పిల్లలకు కూడా, తెలుసు. శవం దొరకలేదు కాబట్టి తల్లి బొట్టు తీయలేదు. మా అవ్వకు అది మొదటి అనుమానం.

నూకాలు మాట వింటే మాకు నవ్వు. "ఏటి, ఏటి" అని వెనకబడి వెక్కిరించేవాళ్లం. తనేమీ తక్కువది కాదు. "నాల్రోజులకోపాలి కుళాయొచ్చే ఊరోళ్లకి అంత నవ్వేటే" అని నడుం మీద చేయి పెట్టుకుని నిలబడేది. వారం తిరిగేసరికి నేను తనకు జత అయ్యాను. నాయనకు టీ ఫ్లాస్కు ఇచ్చే వంకతో మిల్లులోకి దూరి, బేళ్లు కట్టే ప్రెస్సుకు పోవలసిన దూది కుప్ప మీద నుంచి ఇద్దరం జారేవాళ్లం. మధ్యమధ్య తను సముద్రం గురించి చెప్పేది. పొద్దున ఒక రంగు, సాయంత్రం ఒక రంగు అని, మనం నిలబడితే కాళ్ల కింద ఇసుక లాక్కుపోతుందని. నేను సగం నమ్మేదాన్ని కాను. తన నాన్న ఏదో ఒక ఒడ్డుకు చేరే ఉంటాడని కూడా చెప్పేది. అది అసలే నమ్మేదాన్ని కాను, కానీ తలాడించేదాన్ని.

ఒక ఆదివారం మధ్యాహ్నం దాగుడుమూతలాడుతూ ఆ కుప్పలో మోచేతుల దాకా తవ్వుకుని దూరాను. పైన ఎండకు పెళపెళలాడే దూది లోపల చల్లగా, తడిగా ఉంది. నోట్లోకి పోయిన పింజ ఉప్పగా ఉంది. మూడు రోజుల తర్వాత చూసినా అంతే. వాన లేదు, మంచు లేదు. నేను ఇంటికి పోయి అవ్వకు చెప్పాను, ఆమె నములుతున్న ఆకు ఉమ్మేసి, "ఆ పిల్ల తల్లి కూసునేది యాడ?" అంది. ఆ కుప్ప పక్కనే. నీడ అక్కడే ఉంటుంది కాబట్టి ఏరేవాళ్లందరూ అక్కడే కూర్చుంటారు. ఆ సంగతి అవ్వకు అవసరం లేదు. "వాళ్ల నాయన వచ్చినాడు. నీళ్లల్లో పోయినోడు తడి లేకుండా యాడుంటాడు" అని తేల్చేసింది. మరుసటి కుళాయి రోజుకల్లా వీధి మొత్తానికి తెలిసింది.

నూకాలు నన్ను తిట్టలేదు. చేయి పట్టుకుని కుప్ప దగ్గరికి లాక్కుపోయి, "ఎక్కడే, సూపించు" అంది. నేను తవ్వి ఇచ్చిన దూదిని నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది. ఉమ్మేసి, ఇంకో ముద్ద పెట్టుకుంది. తర్వాత ఏడ్చింది. భయపడుతోందనుకుని, మీ నాన్నే కదా, మంచి దెయ్యమే అయి ఉంటుందిలే అన్నాను. "మా నాన్న కాడే" అంది. "సంద్రం నీళ్లు నోట్లో సేదుగుంటాయి, గొంతు మండుద్ది. ఇది కూరలో ఏసుకునే ఉప్పు."

ఆ ఊళ్లో సముద్రం రుచి తెలిసిన పిల్ల తను ఒక్కతే. ఆ ఒక్క పిల్లా దెయ్యం ఉంటే బాగుండునని ఆశపడి, లేదని తేల్చుకుని ఏడ్చింది.

దెయ్యం కాకపోతే ఎవరన్నది చూడాలి కదా. ఆ సాయంత్రమే ఇద్దరం ప్రెస్సు షెడ్డు వెనక్కి పోయాం. పాత గోనెపట్టాల కింద నాలుగు ఉప్పు మూటలు, పక్కన నీళ్ల డ్రమ్ము, మొక్కలకు నీళ్లు చల్లే జల్లెడ మూతి డబ్బా ఒకటి ఉన్నాయి. దూది మీద ఉప్పునీళ్లు చల్లితే తడి త్వరగా ఆరక బరువు తూగుతుందని నాకు పెద్దయ్యాక గానీ అర్థం కాలేదు. అప్పుడు అర్థమైంది ఒకటే, ఇవి ఇక్కడ ఉండకూడనివి అని. ఇంట్లో అన్నం తింటూ, "నాయనా, మిల్లులో ఉప్పు మూటలెందుకు?" అని అడిగాను. నాయన చేయి కంచంలో ఆగింది. "ఎద్దులకు" అన్నాడు. ఆ మిల్లుకున్నవి రెండు ఎద్దులు. రెండు ఎద్దులకు నాలుగు మూటలా అని అడగబోతే అమ్మ నా కంచంలో ఇంకో రొట్టె వేసి నోరు మూయించింది.

ఆ మరునాడే బేళ్లు తిరిగి వచ్చాయి. కొన్న స్పిన్నింగు మిల్లువాళ్లు విప్పి చూస్తే లోపల తడిసి పసుపుపచ్చగా మారి ఉన్నాయట, లారీతో సహా వెనక్కి పంపారు. పట్టపగలు మిల్లు ఆవరణలో మిల్లు సొంతదారు షావుకారు, గుమాస్తాలు, హమాలీలు, ఏరే ఆడవాళ్లు, పిలవకపోయినా వచ్చిన మా అవ్వ, ఆమె వెంట నేను, అందరూ చేరారు. నీళ్లు ఎవరు చల్లారని ఒక్కరూ అడగలేదు. ఎవరి దెయ్యమన్నదే మాట. నూకాలునూ తల్లినీ మధ్యలో నిలబెట్టారు. అప్పుడు మా నాయన నా వైపు తిరిగి, "పాపా, నువ్వు రుచి సూసినావు కదా. ఎట్లుండె, సెప్పు" అన్నాడు.

"ఉప్పగుండె" అన్నాను.

నూకాలు నన్నే చూస్తోంది. మిగతాది కూడా నేనే చెబుతానని ఎదురుచూసింది. గోనెపట్టాల సంగతి నా నాలుక మీదే ఉంది, షావుకారు ముఖం చూశాను, నాయన ముఖం చూశాను, మింగేశాను. చివరికి తనే చెప్పింది: "అది కూర ఉప్పండి. షెడ్డెనకాల మూటలున్నాయి, సూసుకోండి." ఎవరో నవ్వారు. షావుకారు మనిషి ఒకడు, "దెయ్యం పట్టినోళ్లు అట్లే మాట్లాడ్తారప్పా, సూడు, గొంతే మారింది" అన్నాడు. మారింది గొంతు కాదు, యాస. షెడ్డు వెనక్కి పోయి చూడడానికి ముప్పై అడుగులు పట్టవు. ఒక్కరూ కదల్లేదు. మరుసటి పొద్దు ప్యాసింజరుకు ఒక రేకు పెట్టెతో తల్లీ కూతుళ్లను ఎక్కించేశారు. బడికి పోయి వచ్చాకే నాకు తెలిసింది.

ఆ పిల్ల పోగానే పత్తి ఆరింది చూశావా అంటారు. ఆరక ఏం చేస్తుంది? సరుకు తిరిగొచ్చి పరువు పోయాక మళ్లీ నీళ్లు చల్లేంత తెలివితక్కువవాళ్లెవరూ ఆ మిల్లులో లేరు. మరుసటి ఏడు నాయన పెద్ద గుమాస్తా అయ్యాడు. సర్వీసును బట్టి ఇచ్చారంటుంది అమ్మ. నన్ను మాత్రం మళ్లీ మిల్లు గేటు దాటనివ్వలేదు.

ఇప్పుడు ఆ మిల్లు లేదు. దాని చోట పెళ్లిళ్ల ఫంక్షన్ హాలు ఉంది, కారు పార్కింగు ప్రెస్సు షెడ్డు ఉన్న చోటే. బండ్ల వరసలు లేవు, తుమ్మకంపలు లేవు, అవ్వా నాయనా లేరు. నూకాలు ఎక్కడుందో కనుక్కోవడానికి నా దగ్గర ఆ ఊరి పేరు కూడా లేదు, అప్పట్లో అడగాలని తోచలేదు. మొన్న ఆదోనికి పోయినప్పుడు వేరుశనక్కాయలు ఒలుస్తున్న అమ్మను నిలదీశాను. నాయనకు తెలుసా, తెలియదా?

"సచ్చిపోయిన మనిషిని యాడికి పోయి అడుగుతావు" అంది అమ్మ.

"నిన్నే అడుగుతాండా."

ఇంకో గుప్పెడు కాయలు ఒలిచి చేటలో వేసింది. "ఆ పొద్దు మీ నాయన అన్నం ముట్టలా. మిల్లులో నువ్వేం సెప్పినావో నాకు సెప్పి, గోడపక్కకు తిరిగి పండుకున్యాడు" అంది.

ఆ మాట విన్నప్పటి నుంచి నేను ఇన్నేళ్లూ అడుగుతున్న ప్రశ్నే తప్పేమో అనిపిస్తోంది. ముందు రోజు రాత్రే ఉప్పు మూటల గురించి నేను అడిగి ఉన్నాను. నేను చూశానని ఆయనకు తెలుసు. అంత మందిలో నన్నే ఎందుకు పిలిచాడు? సగమే చెబుతానన్న నమ్మకంతోనా, తను చెప్పలేని మిగతా సగం నా నోట వస్తుందేమోనన్న ఆశతోనా?