బోగీకి కట్టిన పులిహోర

చింతపండు గుజ్జు నూనెలో ఉడుకుతున్న వాసన వస్తే ఇప్పటికీ నాకు ఆకలి వేయదు, ఒళ్లు నొప్పులే గుర్తొస్తాయి. కరోనా వచ్చిన మొదటి ఎండాకాలం, నాకు పన్నెండేళ్లు. సూరత్‌లో, పర్వత్ పాటియా వెనక మా గల్లీలో మరమగ్గాల సాంచాలు ఆగిపోయి, పుట్టినప్పటి నుంచీ చెవులకు అలవాటైన చప్పుడు పోయి, మగవాళ్లు పొద్దంతా మెట్లమీదే కూర్చుంటే, మేం పిల్లలం వాళ్ల కాళ్ల సందుల్లో గోలీలాడేవాళ్లం. ఊళ్లకు రైళ్లు వేశారని తెలిశాక పక్క గదులు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి.

రెండు రోజుల ప్రయాణం, దారిలో ఏమీ దొరకదు. మా తెలుగువాళ్లకు ప్రయాణమంటే పులిహోరే, ఎంత ఎండకైనా పాడవదని. ఇంటింటా బియ్యం అడిగి తెచ్చి, ఊళ్లకు వెళ్లేవాళ్ల కోసం అమ్మ ఒక బోగీకి సరిపడా వండేది. బట్టల మార్కెట్ మూసేశాక చీరలు ప్యాక్ చేసే ప్లాస్టిక్ కవర్లు ఇంట్లో కట్టలుగా పడున్నాయి, వాటిలో కట్టేది. అన్నం చల్లారేదాకా అట్టముక్కతో విసరడం నా వంతు. చేతులు పడిపోయేవి. అమ్మ మాత్రం కూర్చునేది కాదు.

మూడోనాడు పాలకు వెళ్తే, స్టేషన్‌కు పోయే బస్సులు ఆగే చోట మా కవర్లు రోడ్డు పక్కన చీమలు పట్టి కనిపించాయి. అన్నం పుల్లగా తగిలేసరికి ఉత్తరాది వాళ్లు చెడిపోయిందనుకున్నారట. ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. నాకు పారేసినవాళ్ల మీద కాదు, అమ్మమీదే కోపం వచ్చింది. వాళ్లేం తింటారో ఒక్కమాట అడగొచ్చు కదా అని.

నాన్న పక్క సాంచాలు నడిపే బిహార్ చాచా మరునాడు బయల్దేరాలి. మా ఇంటి పులిహోర ఎరిగినవాడు. ఇక నా వల్ల కాదని అమ్మ అంటే, తనే బియ్యం కడిగాడు. బస్సు దగ్గర ఒక కవరు విప్పి, అందరూ చూస్తుండగా రెండు ముద్దలు తిని, "ఖరాబ్ నహీ హై, ఇమ్లీ హై", చెడిపోలేదు, చింతపండు పులుపే అని మిగతాది పక్కవాడి చేతిలో పెట్టాడు. తక్కిన కవర్లు రైల్లో తనే పంచుతానని సంచిలోకెత్తుకున్నాడు.

ఊరు చేరాక ఫోన్ చేశాడు. ఒక్క మెతుకు కూడా ఎవరూ పారేయలేదని, పక్క బోగీ వాళ్లూ వచ్చి అడిగారని సంబరంగా చెప్పాడు. మరి నువ్వేం తిన్నావని అమ్మ అడిగింది. తనకు మిగల్లేదని నవ్వాడు. బస్సు దగ్గర తిన్న ఆ రెండు ముద్దలే, తర్వాత రెండు రోజులూ మంచినీళ్లే. అమ్మ నవ్వలేదు. ఫోన్ నాన్నకిచ్చి, గోడవైపు తిరిగి ఏడ్చింది.

చాచా మళ్లీ సూరత్ రాలేదు. ఆయన ఉన్న గదిలో ఇప్పుడుండేవాళ్ల పేర్లు కూడా మాకు తెలియవు. నేను వరంగల్‌లో చదువుకుంటూ సెలవులకు వచ్చిపోతుంటాను. బోగీలకు సరిపడా వండిన మా అమ్మ, ఇప్పుడు నా ప్రయాణానికి సరిగ్గా ఒక్కరికి సరిపడా పులిహోర కట్టిస్తుంది. బండి కదిలేదాకా కిటికీ ఊచ పట్టుకుని ఒకటే మాట.

"ఎవ్వలకు పెట్టకు బిడ్డా. నువ్వే తిను."