నుదుటి మీద కుర్చీ గీతలు

ఎల్బీ నగర్‌లోని మా చర్చిలో టీనేజ్ పిల్లల ప్రార్థన నేనే నడుపుతాను. ఇవాళ కూడా ఆఫీసు నుంచి నేరుగా వచ్చి, మోకరించి, ప్లాస్టిక్ కుర్చీ మీద నుదురు ఆనించాను. ఆ దుమ్ము వాసనకు సునీతక్క గుర్తొచ్చింది.

నా పదమూడో ఏట ఆమే మా యూత్ లీడర్. ఆసుపత్రిలో నర్సు, డ్యూటీ దిగి వచ్చేది. మా ప్రార్థనలన్నీ అయిపోయినా అక్క తల ఎత్తేది కాదు. నా తప్పులన్నీ దేవుడు ఆమెకు చెబుతున్నాడని భయపడేవాణ్ణి. లేచాక కళ్లు ఎర్రగా, నుదుటి మీద కుర్చీ గీతలతో కనిపించేది. మా కోసం ఏడ్చిందనుకుని ఆ వారమంతా బుద్ధిగా ఉండేవాళ్లం.

అలా తలుచుకుంటూనే నిద్రపోయాను. ఒక పిల్ల గుసగుసకు మెలకువ వచ్చింది.

"ఊకోరా, అన్న మనకోసం ప్రార్థన చేస్తుండు."

నేను తల ఎత్తలేదు. ఒక్కొక్కరి పేరూ తలుచుకుంటూ అప్పుడు ప్రార్థన మొదలుపెట్టాను. అక్క కూడా ఇలాగే మొదలుపెట్టేదేమో.