చిన్న పెద్దక్షరాలు

కొత్తగా ల్యాప్‌టాప్ కొన్న రోజుల్లో, మా వాళ్ళలో ఎవరికి ఏ కాగితం కావాలన్నా నేనే దిక్కని నాకో నమ్మకం ఉండేది. (మా వాళ్ళకి ఆ నమ్మకం ఉన్నట్టు గుర్తులేదు.) అక్క పెళ్ళి కుదరగానే శుభలేఖ నేనే చేస్తానని ఎగబడ్డాను. పోర్ట్ బ్లెయిర్‌లో పుట్టి హిందీలో చదువుకున్నవాణ్ణి, తెలుగు మాట్లాడ్డమేగాని రాయడం రాదు. అందుకని ఇంగ్లీషులో ఉంటేనే అందమని తీర్పు చెప్పేశాను.

పేర్లన్నీ స్మాల్ క్యాపిటల్స్‌లో ఉండాలని నా పట్టుదల. అంటే రూపం పెద్దక్షరాలది, ఎత్తు చిన్నక్షరాలది. బటన్ నొక్కితే కంప్యూటరే చేసిపెడుతుంది గాని, అది పెద్దక్షరాల్ని ఊరికే కుదించేస్తుంది. మొదటి అక్షరం తిని బలిసినట్టూ, మిగతావి పస్తున్నట్టూ కనిపిస్తాయి. అందుకే ఆ పనికోసమే గీసిన అసలు సిసలు ఫాంటొకటి వెతికి పెట్టుకున్నాను. అందులో మామూలు చిన్నక్షరం కొట్టినా తెరమీద బుల్లి పెద్దక్షరమే పడుతుంది. ఆ సంబరంలో మా మేనమామ పేరుకి షిఫ్టు నొక్కడమే మరిచాను. పెళ్ళికొడుకు తండ్రి పేరేమో, వాళ్ళు ఫోన్లో పంపినట్టే, మొత్తం పెద్దక్షరాల్లో అతికించాను. కాస్త ఎత్తుగా కనిపించినా, వియ్యంకుడు గదా అని ఊరుకున్నాను.

మా ఊళ్ళోనే గోల్ ఘర్‌లో ప్రెస్సు నడిపే భయ్యాకి ఫైలు పంపాను. ఆయన కంప్యూటర్లో ఆ ఫాంటు లేదు. లేకపోతే అది తనకు తోచిన ఫాంటు వేసేసుకుంటుందని నాకేం తెలుసు? ఆయన ఫోన్ చేసి ఓకేనా అంటే, నా తెర చూసుకుని ఓకే అన్నాను. తీరా అచ్చయ్యాక వియ్యంకుడి పేరు తాటికాయంత అక్షరాల్లో ఉంది. మామ పేరు మొదటి అక్షరంతో సహా చిన్నక్షరాల్లో ఉంది. అప్పటికే నాన్న కార్డులు పంచేశాడు.

అదే ఊళ్ళో హాడోలో ఉండే మామకి వాళ్ళబ్బాయి కార్డు చదివి, సంగతి విడమరిచి చెప్పాడట. అంత చిన్నవాడికి బుట్ట మోసే బలం లేదని మామ కబురంపాడు. పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి పీటలమీదికి మోసుకురావాల్సింది మేనమామే, మాకున్నది ఆయనొక్కడే. అక్క అన్నం మానేసింది. అమ్మ నాతో మాట మానేసింది. నిజంగానే భయమేసి, ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని హాడో పరిగెత్తాను.

"చూడు మావా, నా దాంట్లో నీవి పెద్దక్షరాలే. చిన్న పెద్దక్షరాలు."

మామ తెరని ఎగాదిగా చూశాడు. "ఛోటా హై కి బడా హై? ఏటో ఒకటి సెప్పు."

చెప్పినకొద్దీ తికమక పెరిగింది. చివరికి అవి చిన్నవో పెద్దవో నాకే తెలీకుండా పోయింది. మరి తెలుగులో ఏవి పెద్దవి, ఏవి చిన్నవని అడిగాడు మామ. తెలుగులో ఆ తేడా లేదన్నాను.

"అయితే అందులో అందరూ ఒకెత్తే కదరా. తెలుగులో ఎందుకెయ్యలేదు?"

నాకు రాయడం రాదన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి, సిగ్గుతో చచ్చిపోయాను. మామ ల్యాప్‌టాప్ మూసేశాడు.

"నాకూ రాదులేరా," అన్నాడు. "ముహూర్తం ఎన్నింటికి?"

పెళ్ళిలో అక్కని పీటలమీద దింపాక నడుం పట్టుకుని, ఈ బరువుకంటే ఆ అక్షరాలే నయమని గొణిగాడనుకోండి. ఆ తర్వాత నేను తెలుగు రాయడం నేర్చుకున్నాను. ఏ ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తికమకే. అప్పటి నాలోని ఫాంటు పండితుణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. ఏం రాసినా ముందు మామకే చదివి వినిపిస్తాను. కళ్ళు మూసుకుని వింటాడు. మనిద్దర్లో ఒకడికొచ్చింది, అదే చాలంటాడు.