సీటు ఆపడానికి వేసిన పిల్ల

వేసవి సెలవులని ఈ రోజు పిల్లలతో పర్ణశాలకు బయలుదేరాం. భద్రాచలం బస్టాండులో ఒకటే జనం. తువ్వాల వేస్తే తీసి పారేస్తారని, ఆరేళ్ల మనవరాలినే కిటికీలోంచి సీట్లోకి దించాను. తలుపు తీయకముందే బస్సు కదిలి వెళ్లిపోయింది. కేకలేస్తూ కంట్రోలర్ దగ్గరికి పరుగెత్తాను.

"డీజిల్ పోయించుకొని వస్తదమ్మా. పిల్లను గిట్ల సంచి లెక్క ఏస్తరా?" అని కంట్రోలర్ కసిరాడు.

"చెప్పి కదలాలె గదయ్యా! పిల్ల ఎటువోయిందని ఎవల్నడగాలె?" అని అరిచాను.

బస్సు తిరిగొచ్చేసరికి పిల్ల మూడు సీట్ల మీద అడ్డంగా పడుకొని, లేపుతున్న డ్రైవరుతో "మా నాయనమ్మ వస్తది, నేను లేవ" అంటోంది.

తప్పు నాదేనంటున్నాడు కొడుకు. మీరైతే సీటెట్లా ఆపేవారో చెప్పండి. నేను చెబుతుంటే కోడలు రాస్తోంది; నా చెయ్యి మాత్రం పిల్ల గౌను ఇంకా వదల్లేదు.