జానెడు పొడుగు కేబుల్

నా తోడల్లుడంటే నాకు పడదు. ఈ సంగతి అతనికి తప్ప ఇంట్లో అందరికీ తెలుసనుకునేవాణ్ణి. అతను చెడ్డవాడేం కాదు. అసలు గొడవే అది. చెడ్డవాడైతే నాలుగు తిట్టుకుని ఊరుకునేవాణ్ణి.

మా దీవిలో బతు బస్తీ అనే పేటలో నాది రేడియో రిపేరు షాపు. ఉప్పుగాలికి చెడిపోయిన వాకీటాకీలు, డింగీలవాళ్ళ వైర్‌లెస్ సెట్లు అన్నీ నా బల్ల మీదికే వస్తాయి. మావయ్యకు చేపలు పట్టే డింగీ పడవలున్నాయి. సెట్టు కొనాలన్నా, యాంటెన్నా మార్చాలన్నా "పెద్దల్లుణ్ణి అడగండి" అనేవాడాయన. ఆ ఒక్క మాట కోసం ఎన్ని ఆదివారాలు ఆయన డాబా ఎక్కి తుప్పు పట్టిన స్క్రూలతో కుస్తీ పట్టానో!

తర్వాత చిన్నల్లుడొచ్చాడు. రంగత్‌లో పిల్లలకు ఫిజిక్స్ చెబుతాడు. సెలవులకు బస్సెక్కి బ్రూక్షాబాద్‌లో అత్తగారింటికి వస్తాడు. అతను గుమ్మంలో అడుగు పెట్టగానే అత్తయ్య టేబుల్ ఫ్యాను అటు తిప్పుతుంది. చేప తలకాయ అతని కంచంలోకి వెళుతుంది. నాకు తలకాయ ఇష్టం లేదని పెళ్ళైన కొత్తలో నేనే చెప్పాను. అయినా నా కళ్ళు దాని మీదే ఉండేవి.

ఒక వానాకాలం మావయ్య డింగీ ఇంజను సముద్రంలో ఆగిపోయింది. అందులోని మనుషుల ఫోన్లు తడిసి ఆరిపోయాయి. సెట్టులో గొంతు వినబడుతూనే ఉంది కానీ, ముసురులో ఎక్కడున్నారో వాళ్ళకే తెలియదు. చివరికి ఇంకో డింగీవాళ్ళ కంటబడితే లాక్కొచ్చారు. ఆ వారం భోజనాల దగ్గర మావయ్య నన్నే అడిగాడు.

"గొంతు వినబడతాది గానీ ఏ దిక్కునున్నాడో తెలీదు. దీనికేటి చెయ్యాలి బాబూ?"

"సెట్టుతో అంతే మావయ్యా. వినడమే" అన్నాను.

తోడల్లుడు ముల్లు తీసి కంచం అంచున పెట్టి నెమ్మదిగా అన్నాడు. "తెలుసుకోవచ్చు మావయ్యా."

మావయ్య కుర్చీ అతని వైపు జరిగింది.

అతను చెప్పింది ఇది. వేలెడంత రేడియోలు దొరుకుతాయి. కంప్యూటర్‌కి గుచ్చితే మిగతా పనంతా సాఫ్ట్‌వేర్ చేసుకుంటుంది. ఒకటుంటే మాట వినిపిస్తుంది. ఐదింటికి ఐదు యాంటెన్నాలు గుండ్రంగా నిలబెట్టి, ఐదూ ఒకే లయలో వినేలా చేస్తే, అల ఏ యాంటెన్నాను ముందు తాకిందో చూసి దిక్కు చెప్పొచ్చు. నిజమే. రేడియో నా బతుకు, ఆ ఆలోచన మాత్రం అతనికొచ్చింది. ఆ రోజు అన్నం సహించలేదు.

మళ్ళీ సెలవులకు ఐదింటినీ పట్టుకుని నా షాపుకే వచ్చాడు. "అన్నయ్యా, ఒక్కోదానికి సొంత క్రిస్టల్ ఉంది, దాని లయ దానిదే. నాలుగింటివి పీకేసి, ఐదోదాని లయే అన్నిటికీ ఇవ్వాలి. నా చేతులు వణుకుతాయి. మీరే చెయ్యాలి."

ఆవగింజలంత టంకాలు. భూతద్దం కింద రెండు రోజులు కూర్చుని శుభ్రంగా చేశాను. అందులో మోసం చెయ్యడానికి చెయ్యి రాలేదు. టంకం ఊడితే పేరు పోయేది నాదేగా.

కేబుళ్ళ దగ్గర బుద్ధి గడ్డి తింది. యాంటెన్నాల నుంచి వచ్చే ఐదు కేబుళ్ళూ సరిసమానంగా ఉండాలని రెండుసార్లు చెప్పాడు. మూడోది జానెడు ఎక్కువ ఉంచి కోశాను. ఐదింటినీ చుట్టలు చుట్టి టేపు వేశాను. చూస్తే ఎవరికీ తెలియదు. మూడోదాంట్లో అల ఆలస్యంగా చేరి, కంప్యూటర్ తెర మీద దిక్కు చూపే గీత పక్కకి పోతుంది, పరువు లెక్క వేసినవాడిదే పోతుంది. తెలిసే చేశాను. ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోయాను కూడా.

ఆదివారం పొద్దున్న మావయ్య సెట్టు పట్టుకుని తనే డింగీ ఎక్కాడు. ఎటు వెళతాడో చెప్పనన్నాడు. యాంటెన్నాలు నిలబెట్టిన మావయ్య డాబా మీద అత్తయ్య, ఆమె కూతుళ్ళిద్దరూ, చుట్టుపక్కలవాళ్ళూ చేరారు. ఎంత మంది చూస్తే అంత మంచిదని మనసులో అనుకున్నాను.

సెట్టు గరగరలాడింది. "అరే, మై కిధర్ హూఁ? ఎటున్నాను? చెప్పండి!"

తెర మీద గీత కదిలి ఆగ్నేయం మీద నిలిచింది. తోడల్లుడు మైకు తీసి నా చేతిలో పెట్టాడు. "మీరు చెప్పండి అన్నయ్యా."

"ఆగ్నేయం మావయ్యా" అన్నాను. తప్పని తేలబోతుందని నా ధైర్యం.

"సహీ బాత్!" మావయ్య నవ్వు డాబా అంతా వినిపించింది. "మా పెద్దల్లుడి చెయ్యి పడ్డాక తప్పెలగవుతాది!"

అందరూ నా వైపు చూసి చప్పట్లు కొట్టారు. నా చెవులు కాలిపోయాయి. ఇంకో మూడు చోట్ల నుంచి పిలిచాడు మావయ్య. మూడూ సరిపోయాయి.

జనం కిందికి దిగాక తెర దగ్గరికి వెళ్ళాను. మూల చిన్న పట్టీ ఉంది, ఐదు వరుసలు. ఒక్కో కేబుల్‌కి ఎంత సవరణ వేశాడో అందులో ఉంది. నాలుగు అంకెలు సున్నాకి దగ్గర్లోనే ఉన్నాయి. మూడోదాని ఎదుట పెద్ద అంకె.

తోడల్లుడు వైర్లు సర్దుతూ, నా ముఖం చూడకుండా అన్నాడు. "నిన్న అన్ని కేబుళ్ళకీ యాంటెన్నా కొసల నుంచి ఒకటే సిగ్నల్ పంపి చూశాను. మూడోది జానెడు పొడుగొచ్చింది అన్నయ్యా. ఆ తేడా లెక్కలో తీసేశాను. మావయ్యకి చెప్పలేదు."

పొరపాటున అని అతను అనలేదు. నేనూ అనలేదు.

"కోసి సరి చేస్తాను, ఇలా ఇయ్యి" అన్నాను.

"వద్దన్నయ్యా, ఉండనీండి. ఇప్పుడు దాంతో ఇబ్బందేం లేదు."

ఆ కేబుల్ ఇంకా అక్కడే ఉంది. మావయ్య మిషన్ ఆన్ చేసినప్పుడల్లా ఆ అంకె తెర మీదికి వస్తుంది. ఆయనకది ఏమిటో తెలియదు, అడగడు. నేనే తోడల్లుడి స్థానంలో ఉంటే ఆ రోజే, అంతమంది ముందూ, ఆ కేబుల్ విప్పి కొలిచి చూపించేవాణ్ణి. అతను చూపించలేదు. ఇప్పుడు దానికి కూడా కుళ్ళుకుంటున్నాను.