మిషన్ చేత డౌట్లు అడిగించిన మా సార్

క్యాంపస్‌లో మాకు కంప్యూటర్ నెట్‌వర్క్స్ చెప్పిన సార్ ఇక లేరు. గడిచిన ఆదివారం పొద్దున పాత విద్యార్థుల గ్రూపులో ఆ మాట చూసేసరికి నేను హబ్సిగూడలో ఒక టిఫిన్ సెంటర్ ముందు నిలబడి ఉన్నాను. ప్లేటు అలాగే పెట్టేసి తార్నాకలో సార్ ఇంటికి ఆటో ఎక్కాను. దారంతా ఏడ్చాను. కానీ ఈ నాలుగు మాటలు రాయడానికి కూర్చుంటే ఏడుపు కంటే గర్వమే ముందు వస్తోంది. ఆయన దగ్గర చదువుకున్నానని చెప్పుకోవడంలో నాకు మొదటి నుంచీ కాస్త పొగరే.

రిటైరైనా సార్ క్యాంపస్‌ను వదల్లేదు. పొద్దున్నే తార్నాక నుంచి నడుచుకుంటూ వచ్చి, ఆ నడకతోనే ల్యాబ్‌లోకి దూరేవారు. ఊడిన కేబుల్ కనిపిస్తే చేతులు ఊరుకునేవి కావు. కేబుల్ కొసలు బిగించే పనిముట్టు ఎప్పుడూ లాల్చీ జేబులోనే. "ఈయన లాల్చీలన్ని జేబుల కాడనే చినుగుతయి" అని మేడం, అంటే సార్ భార్య, వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవారు.

నేను ఒక వెబ్‌సైట్‌కు తెలుగులో నెట్‌వర్కింగ్ వ్యాసాలు రాస్తాను. ఆ మధ్య ఆ శీర్షిక మూతపడే పరిస్థితి వచ్చింది. నెట్‌లో ప్రతి ఫోన్‌కూ ఇచ్చే ఐపీ అడ్రస్ అంటే ఏమిటి, వైఫై పంచే రౌటర్ ఎలా పనిచేస్తుంది అని ఇప్పటికే ఇంటర్నెట్ నిండా వ్యాసాలు ఉన్నాయి, నావి చదివేవాళ్లు లేరు. ఇంకొక్క వ్యాసం చూసి ఆపేద్దామని ఎడిటర్ తేల్చేశారు. తెలుగు మీడియం నుంచి వచ్చి, మొదటి సెమిస్టరంతా బిక్కమొహం వేసుకుని కూర్చున్నదాన్ని నేను. అలాంటి పిల్లలకు ఆ వ్యాసాలు ఉండి తీరాలని నా పట్టుదల. ఆపేస్తామంటే కడుపు మండింది. తిన్నగా సార్ ఇంటికి వెళ్లాను.

చాట్‌బాట్‌ను అడిగి చూశానని, అదీ పాచిపోయిన ఐడియాలే ఇచ్చిందని చెప్పాను. సార్ దాన్ని మిషన్ అనేవారు.

"ఏమని అడిగినవ్ బిడ్డా?"

"ఐపీ అడ్రస్‌ల మీద కొత్త ఐడియాలు ఇమ్మన్నాను సార్."

"ఎవరి కోసమో చెప్పకపోతే అదేం ఇస్తది? పెండ్లికి ఎవరొస్తున్నరో చెప్పకుండ వంటాయన్ని వండమన్నట్టున్నది."

లాప్‌టాప్ ముందుకు లాక్కుని రెండు వేళ్లతో టైపు కొట్టారు. నువ్వు క్యాంపస్ పక్కన మాణికేశ్వర్ నగర్‌లో దోస్తులతో ఒకే గదిలో ఉండే సెకండియర్ విద్యార్థివి, తెలుగు మీడియం, నెట్‌వర్క్స్ పేపర్ తప్పినవ్, నాకు వ్యాసం రాసియ్యకు, వైఫై మీద నీకొచ్చే డౌట్లు మాత్రమే అడుగు. ఇదీ మిషన్‌కు ఆయన ఇచ్చిన ప్రాంప్ట్.

"నేను పేపర్ తప్పలేదు సార్" అన్నాను ఉక్రోషంగా.

"నీ గురించి ఎవరన్నరు?"

మొదట వచ్చిన డౌట్లన్నీ సార్ కొట్టేశారు. "ఇవి అడిగినోళ్లందరికి ఇచ్చేటియే. గదిల నిజంగ జరిగేది అడగమందాం" అంటూ మళ్లీ మళ్లీ అడిగించారు. చివరికి ఒకటి వచ్చింది. 'నా ఫోన్‌కు ఉన్న ఐపీ అడ్రసే పక్క గదిలో నా దోస్తు ఫోన్‌కూ ఉంది. మా వైఫైలు వేరు. మరి నేను పెట్టుకున్న వీడియో వాడి ఫోన్‌కు ఎందుకు పోదు?'

సార్ కుర్చీలో వెనక్కి వాలారు. "గిది రాయి" అన్నారు.

జవాబు ఎలా చెప్పాలో కూడా దాన్నే అడుగుదామన్నాను. సార్ ఒప్పుకోలేదు. "డౌట్ దాన్నడుగుదాం. జవాబు మనింట్ల ఉన్నదేమో చూసుకోవాలె గదా ముందు."

"ఆ నూటొకటి ముచ్చట చెప్పరాదుండ్రి" అన్నారు వంటింట్లోంచి మేడం. వాళ్లది ఫ్లాట్ నూటొకటి. ఆ వీధిలో ప్రతి అపార్ట్‌మెంట్‌కూ ఒక నూటొకటి ఉంది. ఇంకో బిల్డింగ్ నూటొకటి వాళ్లు తెప్పించుకున్న బిర్యానీ అంతకు ముందు ఒకసారి వీళ్ల గుమ్మంలోకి వచ్చింది. పాత విద్యార్థులు ఏదో ఒకటి పంపుతుండటం మామూలే కాబట్టి ఇద్దరూ నిశ్చింతగా కూర్చున్నారు. "సగం తిన్నంక ఇచ్చిపోయిన పిలగాడు ఉరుక్కుంట వచ్చిండు. ఈయన సిగ్గుతోని చెయ్యి గూడ కడగలే" అని మేడం నవ్వుతూనే ఉన్నారు.

వ్యాసం అక్కడ దొరికింది. బిల్డింగ్‌కొకటి చొప్పున నూటొకట్లు ఎన్నయినా ఉండొచ్చు, బయటివాడికి బిల్డింగ్ పేరు కావాలి, లోపల ఎవరిది ఎవరికి చేర్చాలో వాచ్‌మన్ గుర్తుపెట్టుకోవాలి. రౌటర్ చేసేది ఆ వాచ్‌మన్ పనే.

రాసింది సరిచూడమంటే ఇళ్ల లోపల వాడే అడ్రస్‌లు ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకానో మిషన్ ధీమాగా తప్పు చెప్పింది. సార్‌కు కోపం రాలేదు. "వైవాకొచ్చిన పోరగాని లెక్కనే ఉన్నది. తెల్వకున్నా ఆగదు" అని పుస్తకం తీసి సరైనది చూపించారు.

ఆ వ్యాసాన్ని జనం చదివారు, శీర్షిక నిలిచింది. థాంక్స్ చెప్పబోతే "నాకెందుకు? పోరగాండ్లకు అర్థమైందా, గది చెప్పు" అన్నారు. ఎంతమంది చదివారో ఆఫీసులో తెలుస్తుంది గానీ, ఎవరికి అర్థమైందో తెలియదు. ఆ తర్వాత రాసిన ప్రతి వ్యాసానికీ అదే పద్ధతి పాటించాను, అదే వెలితి మిగిలింది.

నిన్న డిపార్ట్‌మెంట్‌లో సంతాప సభ పెట్టారు. నేను మాట్లాడి దిగబోతుంటే వెనక వరసలోంచి ఒక అమ్మాయి లేచింది. ఎవరో నాకు తెలియదు.

"మేడం, ఒక డౌట్. మీ ఆర్టికల్ చదివి మా రూంల చేసి చూసినం. రౌటర్ ఎనుక ఇంకో రౌటర్ పెడితే లోపటి ఫోన్‌కు ఏ వాచ్‌మన్ దారి చూపిస్తడు మేడం?"

"సందర్భం చూసుకోవాలి కదమ్మా" అన్నారు ఒక లెక్చరర్. నాకు మాత్రం గుండె నిండిపోయింది. ఆ పిల్లకు అర్థమైంది, అర్థమై ఇంకో అడుగు ముందుకు పోయింది. ఆ మాట సార్‌కు చెప్పాలనిపించింది.

"ఇద్దరు వాచ్‌మన్లూ చూపించాలి. గీసి చూపిస్తాను" అని సుద్దముక్క అందుకున్నాను. మొదటి రౌటర్ గీశాను. రెండోది గీయడానికి చోటు చాలలేదు, బోర్డుకు అడ్డంగా కుర్చీలో పూలదండతో సార్ ఫొటో ఉంది. ముట్టుకోవడానికి నాకు చేతులు రాలేదు. ముందు వరసలోంచి మేడం లేచి వచ్చి, కుర్చీతో సహా ఫొటోను పక్కకు జరిపి, వెనక బెంచీల వాళ్లకు బోర్డు కనిపిస్తోందా అని అడిగారు.