నా వెనకాల అర కిలోమీటరు

మా ఆయన ఒప్పుకున్న తీరు చూసి నాకు అప్పుడే అనుమానం రావలసింది. "పో. నేనెందుకు వద్దంట? మస్తుగ పోయిరా," అన్నాడు, పేపర్లోంచి తలెత్తకుండా. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఆయన ఒక్క మాటకే దేనికైనా సరేననడం అదే మొదటిసారి.

నేను అడిగింది పెద్ద వరమేం కాదు. ఒక్క రోజు. బడికి నలుగురు తోటి టీచర్లతో షేర్ ఆటోలో, చర్చికి ఇంటిల్లిపాదితో, దవాఖానకు ఆయన బండి వెనక, చివరికి చీర కొనడానికి కూడా ఆడబిడ్డతో. నలభై ఆరేళ్లు వచ్చినా నేను ఎక్కడికీ ఒక్కదాన్నే వెళ్లలేదు. అందుకే రెండో శనివారం, బడి లేని రోజున, మెదక్‌లో తెల్లవారుతుండగా బయలుదేరి, హవేలిఘనపూర్ మీదుగా అభయారణ్యంలోకి దూరి, గుట్టలెక్కి దిగి, రామాయంపేట వైపు తేలి, పొద్దుగూకేసరికి ఇల్లు చేరాలనుకున్నాను. సైకిల్ మీద, ఒక్కదాన్నే. నాకు కావలసింది ఆ ఒక్కదాన్నే అన్న మాటే. సైకిలూ గుట్టలూ దానికి సాకు.

సైకిల్‌కు ఇరవై ఒక్క గేర్లున్నాయి. నాకు రెండే: ఆయాసం, ఆవేశం.

హవేలిఘనపూర్ దాకా సగం రోడ్డు వడ్లదే. కోతలైపోయి, రైతులు తారు మీదే ధాన్యం ఆరబోసి, బండ్లు తొక్కకుండా వరసగా రాళ్లు పేర్చారు. మిగతా సగంలో లారీలూ నేనూ సర్దుకున్నాం. టీ కొట్టు దగ్గర ఆగితే, నేనెప్పుడూ చూడని కొట్టతను, నేను నోరు తెరవకముందే, "చక్కెర తక్కువనే గదా మేడమ్?" అన్నాడు. మా బడి పిల్లల్లో ఎవరికో తండ్రి అయ్యుంటాడనుకున్నాను. అడవి మొదట్లో చెక్‌పోస్టు కాపలాదారు అడ్డకర్ర పైకెత్తుతూ, "సైకిల్ మేడమ్ మీరేనా? పోండ్రి, పోండ్రి. జర పైలం," అన్నాడు. నా పేరు అడవిదాకా పాకిందని పొంగిపోయాను కూడా. తెలివితక్కువతనంలోనూ గేర్లుంటే, నేనప్పుడు అన్నిటికన్నా పై గేర్‌లో ఉన్నాను.

లోపల రోడ్డు సన్నబడింది. రెండు వైపులా టేకు చెట్లు, విస్తరాకంత ఆకులు ఒక్కొక్కటే చప్పుడు చేస్తూ రాలుతున్నాయి. గుర్రమంత జింక, మనుబోతు ఒకటి రోడ్డు మధ్యలో నిలబడి, నన్ను పైనుంచి కిందికి చూసి, తోవ తనదేనన్నట్టు మెల్లగా దాటిపోయింది. అది చూసినట్టు నన్ను మనుషులెవరూ చూడలేదు. ఏమ్మా, ఒక్కదానివేనా, మీ సారు రాలేదా అని అది అడగలేదు. గుట్ట మొదలైంది. మొదటి మలుపు తొక్కాను, రెండో మలుపు మొక్కాను, మూడో మలుపులో దిగి నెట్టడం మొదలుపెట్టాను. అయినా ఆ గంటంతా నాది.

నాలుగో మలుపులో ఊపిరికోసం ఆగితే, వెనక ఎక్కడో మోటారుబండి చప్పుడు కూడా ఆగింది.

నేను నడిచాను. చప్పుడు మొదలైంది. నిలబడ్డాను. ఆగింది. తిరిగి చూస్తే కింద, దూరంగా, హెల్మెట్ పెట్టుకున్న మనిషి ఒకడు చెట్టు చాటుకు జరిగాడు.

ఫోను తీస్తే సిగ్నల్ లేదు. ఎక్కలేక నెడుతున్న గుట్టను అప్పుడు ఎక్కేశాను. కాళ్లకు ఆ బలం ఎక్కడ దాక్కుందో. అరగంట అలా గడిచింది. ఏ బండ కనిపించినా దాని వెనక దాక్కోవచ్చా అని చూశాను. పేపర్లో చదివినవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఇక కాళ్లు రాక, మలుపు తిరగ్గానే సైకిల్‌ను పొదలో పడేసి, గాలి పంపు చేత్తో పట్టుకుని బండ చాటున నిలబడ్డాను.

బండి వచ్చింది. అడ్డం దూకి పంపుతో హెల్మెట్ మీద ఒక్కటిచ్చాను.

"వదినా! నేనే వదినా! కొట్టకు!"

మా మరిది. బండికి ఒక పక్క టిఫిన్ క్యారియర్, ఇంకో పక్క సైకిల్ ట్యూబు, రెయిన్‌కోటు, గ్లూకోజు డబ్బా.

"ఎప్పటి సంది వస్తున్నవ్?"

"మన గల్లీ సంది. అన్ననే పంపిండు. నీకు కనవడకుంట అర కిలోమీటర్ ఎనక ఉండుమన్నడు."

"టీ కొట్టాయనకు, చెక్‌పోస్టాయనకు చెప్పింది ఎవలు?"

"అన్ననే ఫోన్ జేసిండు. నేను ఫొటోలే తీసిన వదినా, నిజంగ."

"ఏం ఫొటోలు?"

చూపించాడు. నా ఫోనుకు లేని సిగ్నల్ వాడి ఫోనుకుంది. ఇంట్లోవాళ్లంతా ఉన్న ఒక కొత్త గ్రూపు, పేరు 'వదిన యాత్ర'. అందులో లేనిదాన్ని నేనే. నేను టీ తాగుతుండగా, గొలుసు సర్దుతుండగా, వంగి సైకిల్ నెడుతుండగా వెనకనుంచి తీసిన ఫొటోలు. చివరిదాని కింద మా ఆడబిడ్డ రాసింది: "సైకిల్‌ను వదిన తోల్తుందా, వదినను సైకిల్ తోల్తుందా?" మంచి జోకే. నా మీద నేనే వేసుకోవలసిన జోకు. అది కూడా నాకు మిగల్చలేదు.

ఆ రోజు అడవిలో నాకు పులి ఎదురవలేదు, దొంగ ఎదురవలేదు. నన్ను చచ్చేంత భయపెట్టింది నా క్షేమం కోరి పంపిన మనిషి. ఇప్పటికీ ఆ అరగంట తలచుకుంటే పళ్లు బిగుసుకుంటాయి.

"ఎనకకు తిరుగు," అన్నాను.

"అన్న కోపం జేస్తడు వదినా."

"మీ అన్న కోపం సాయంత్రం సంగతి. నా కోపం ఇప్పుడున్నది. చూడు."

పంపు వైపు చూసి బండి తిప్పాడు. "పులిహోరన్నా తీసుకో," అన్నాడు దీనంగా. తీసుకున్నాను. కోపం వేరు, ఆకలి వేరు.

వాడు నిజంగానే వెళ్లిపోయాడు. కానీ ఆ తర్వాత గుట్టలన్నీ నేను మెడ వెనక్కి తిప్పి దిగాను. రామాయంపేట రోడ్డు మీద ప్రతి హెల్మెట్‌నూ అనుమానించాను. దారిలో ఒక ముసలాయన నవ్వుతూ చెయ్యెత్తితే, ఈయనకూ ఫోన్ వచ్చిందేమోనని చెయ్యెత్తకుండా వచ్చేశాను. పాపం, ఆయనకు ఏ ఫోనూ వచ్చి ఉండదు.

ఇంటికొచ్చేసరికి మా ఆయన గుమ్మంలో వేడినీళ్ల బకెట్‌తో నిలబడ్డాడు. మొహం చూస్తే తమ్ముడు అంతా చెప్పినట్టే ఉంది.

"ఎట్లుండె ఇయ్యాల?" అన్నాడు మెల్లగా.

"నేను ఇయ్యాల యాడికీ పోలె. నన్ను మీరు తోల్కపోయిండ్రు, గొడ్డును తోల్కపోయినట్టు."

"నీకేమన్నా అయితదేమోనని పరేషాన్..."

"అయ్యింది. మీ పరేషానే అయ్యింది నాకు. మళ్ల రెండో శనివారం పోత. అప్పుడు ఒక్కదాన్నే పోతెనే పోయినట్టు."

ఆయన బకెట్ కింద పెట్టాడు. తమ్ముణ్ని పంపనని అనలేదు, పంపుతానని కూడా అనలేదు. నేను కాళ్లు కడుక్కుంటుంటే పక్కనే మెట్టు మీద కూర్చున్నాడు.

"ఏ తొవ్వల పోతవో గదైనా చెప్పు," అన్నాడు.

చెప్పలేదు.